నెట్ అయానిక్ ఈక్వేషన్ రాయడం ఎలా: కొట్టేసే ముందు ఏది విడగొట్టాలో తెలియాలి

ఇంటర్ ఫస్టియర్‌లో ఒక స్లిప్ టెస్టులో నేను చేసిన ఘనకార్యం ఇది. సిల్వర్ నైట్రేట్, సోడియం క్లోరైడ్ ద్రావణాలు కలిపితే వచ్చే నికర అయానిక సమీకరణం (నెట్ అయానిక్ ఈక్వేషన్) రాయమన్నారు. కనిపించిన ప్రతిదాన్నీ అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడగొట్టాను. రెండు వైపులా ఉన్నవాటిని కొట్టేయాలని గుర్తుంది కాబట్టి కొట్టేస్తూ పోయాను. సిల్వర్ పోయింది, నైట్రేట్ పోయింది, సోడియం పోయింది, చివరికి క్లోరైడ్ కూడా పోయింది. కాగితం మీద బాణం గుర్తు ఒక్కటే మిగిలింది. అంతకు ముందు వారమే ల్యాబులో అవే రెండు ద్రావణాలు కలిపితే టెస్ట్ ట్యూబులో పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం (ద్రావణంలోంచి విడిపోయి అడుక్కి దిగే ఘనపదార్థం) వచ్చింది. నా సమీకరణం మాత్రం అసలేమీ జరగలేదంటోంది.

తప్పు కొట్టేయడంలో లేదు. అడుగున తెల్లగా ఘనపదార్థంగా పేరుకున్న సిల్వర్ క్లోరైడ్‌ను కూడా అయాన్లుగా విడగొట్టడంలో ఉంది. తర్వాత కొన్నేళ్ళు పిల్లలకు ట్యూషన్ చెప్పాను. వాళ్ళ పేపర్లలో చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే కోవలోవి. ఏది విడగొట్టాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది తేలితే మిగతాదంతా చిన్న లెక్కే. అందుకే ఇందులో ఆ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఇంకో మాట. ఇక్కడ సమీకరణాలను ఫార్ములాలతో కాకుండా అయాన్ల పేర్లతో రాస్తున్నాను. ఏ అయాన్ ఎక్కడికి పోయిందో పేరైతే వెంటనే కంటికి కనిపిస్తుంది. పరీక్షలో మాత్రం సంకేతాలతోనే రాయాలి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ప్రతి వరుసనూ సంకేతాల్లోకి మార్చుకుంటూ చదవండి, సగం ప్రాక్టీసు అక్కడే అయిపోతుంది. ఘనపదార్థానికి (ఘ), ద్రవానికి (ద్ర), వాయువుకు (వా), నీటిలో కరిగి ఉన్నదానికి (జ.ద్రా) అని రాస్తాను. విడిగా తిరుగుతున్న అయాన్ ఎలాగూ నీటిలోనే ఉంటుంది కాబట్టి దాని పక్కన ప్రతిసారీ (జ.ద్రా) రాయను. మీరు పరీక్షలో రాయండి.

గ్లాసులో అసలేముంది?

గ్లాసు నీళ్ళలో చెంచా ఉప్పు కలిపారు. ఇప్పుడు ఆ నీళ్ళలో "సోడియం క్లోరైడ్" అనే జంట ఎక్కడా లేదు. సోడియం అయాన్లు వేరు, క్లోరైడ్ అయాన్లు వేరు. ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి, దేని దారి దానిది. ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా చెప్పే ఈ సంగతిని ఒకప్పుడు ఎవరూ అంత తేలిగ్గా నమ్మలేదు. స్వీడన్‌కు చెందిన స్వాంటె అర్హీనియస్ 1884లో ఈ దారిలో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం సమర్పిస్తే, ఉప్సాల విశ్వవిద్యాలయం తక్కువ శ్రేణితో సరిపెట్టింది. 1903లో అదే అయాన్ల సిద్ధాంతానికి ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మామూలు సమీకరణంలో "సోడియం క్లోరైడ్ (జ.ద్రా)" అని రాస్తాం. అది సీసా మీద లేబుల్ లాంటిది. ఏ సీసాలోంచి పోశామో చెబుతుంది, సీసా లోపల ఏ కణాలున్నాయో చెప్పదు. లోపలున్నవాటిని ఉన్నట్టుగా రాసి, వాటిలో మారినవాటిని మాత్రమే ఉంచితే అది నికర అయానిక సమీకరణం.

మొదటి మెట్టు: మామూలు సమీకరణం, తుల్యం చేసి (రెండు వైపులా పరమాణువులు సమానం చేసి), స్థితులతో సహా

లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ తీసుకుందాం. రెండూ రంగులేని ద్రావణాలే. కలపగానే పసుపు కలిపినట్టు పచ్చటి అవక్షేపం వస్తుంది. దాన్ని వేడి చేస్తే చాలావరకు కరిగిపోయి, చల్లారేకొద్దీ బంగారు రేకుల్లా మెరుస్తూ మళ్ళీ కిందికి దిగుతుంది. బాగుంటుంది కదా అని ఇంట్లో చేయకండి. లెడ్ విషపదార్థం, ల్యాబులో కూడా దాన్ని సింకులో పారబోయకూడదు.

ఉత్పన్నాలు కనుక్కోవాలంటే జంటలు మార్చండి. లెడ్‌కు అయొడైడ్, పొటాషియంకు నైట్రేట్. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. జంట మారినప్పుడు పాత ఫార్ములాలో కింద ఉన్న చిన్న అంకెలను వెంట తీసుకుపోకూడదు. కొత్త జంటకు ఆవేశాలు చూసి కొత్తగా ఫార్ములా కట్టాలి. లెడ్ ఆవేశం 2+, అయొడైడ్ ఆవేశం 1−, కాబట్టి ఒక లెడ్‌కు రెండు అయొడైడ్‌లు. పొటాషియం 1+, నైట్రేట్ 1−, ఒకటికి ఒకటి.

లెడ్ నైట్రేట్ (జ.ద్రా) + 2 పొటాషియం అయొడైడ్ (జ.ద్రా) → లెడ్ అయొడైడ్ (ఘ) + 2 పొటాషియం నైట్రేట్ (జ.ద్రా)

బ్రాకెట్లలో ఉన్న స్థితులను అలంకారం అనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది. అవి తప్పితే తర్వాత రాసేదంతా తప్పే. ఏది కరుగుతుందో ఏది కరగదో తెలిస్తేనే స్థితి రాయగలం. దానికోసం పెద్ద పట్టిక బట్టీ పట్టక్కర్లేదు, ఈ నాలుగు మాటలు చాలు.

సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు కరుగుతాయి. నైట్రేట్‌లు, ఎసిటేట్‌లు కూడా కరుగుతాయి. మొదటి స్థాయిలో వీటికి మినహాయింపులు వెతకనక్కర్లేదు.

క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్‌లు కరుగుతాయి. సిల్వర్, లెడ్, మెర్క్యురీ(1) జతైతే కరగవు.

సల్ఫేట్‌లు కరుగుతాయి. బేరియం, స్ట్రాన్షియం, లెడ్ జతైతే కరగవు. కాల్షియం సల్ఫేట్ కొద్దిగానే కరుగుతుంది.

కార్బొనేట్, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్‌లు మామూలుగా కరగవు. మొదటి మాటలో చెప్పిన మూడింటితో జతైతే కరుగుతాయి. హైడ్రాక్సైడ్‌లలో బేరియం హైడ్రాక్సైడ్ కూడా కరుగుతుంది, కాల్షియం హైడ్రాక్సైడ్ కొంచెమే.

ఆ కాల్షియం హైడ్రాక్సైడ్ పిల్లలను బాగా ఇబ్బంది పెడుతుంది. సున్నం నీళ్ళలో కలిపి కదలనివ్వకుండా ఉంచితే పైన తేట, కింద ముద్ద. పైన తేరిన తేటను మాత్రమే వాడితే అందులోదంతా కరిగి ఉన్నదే, అయాన్లుగా రాయాలి. గోడకు వేసే సున్నంలా తెల్లగా చిక్కగా ఉన్నదాన్ని వాడితే అందులో ఎక్కువ భాగం ఘనపదార్థమే, దాన్ని విడగొట్టకూడదు. ప్రశ్నలో ఏది ఇచ్చారో చూసుకోండి.

రెండో మెట్టు: విడగొట్టడం

సమీకరణంలో ఉన్న ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా రెండు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న: దాని పక్కన (జ.ద్రా) అని ఉందా? లేకపోతే వదిలేయండి. ఘనపదార్థం, వాయువు, ద్రవం, ఏదైనా సరే ముట్టుకోవద్దు. నీరు (ద్ర) కూడా అంతే, దాన్ని విడగొట్టకూడదు.

రెండో ప్రశ్న: (జ.ద్రా) ఉంటే, అది కరిగే లవణమా, బలమైన ఆమ్లమా, బలమైన క్షారమా? ఈ మూడింట్లో ఒకటైతే విడగొట్టండి. కాకపోతే అణువుగానే ఉంచండి.

బలమైన ఆమ్లాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్, నైట్రిక్, సల్ఫ్యూరిక్, పెర్క్లోరిక్. ఈ ఆరూ గుర్తుంటే చాలు, మీకు ఎదురయ్యే మిగతా ఆమ్లాలు దాదాపు అన్నీ బలహీనమైనవే. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్, కార్బోనిక్, హైడ్రోఫ్లోరిక్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. హైడ్రోఫ్లోరిక్ పేరు చూసి హైడ్రోక్లోరిక్ తమ్ముడే కదా అని విడగొట్టేస్తారు. అది గాజును కూడా తినేస్తుంది, అయినా అయాన్లుగా విడిపోయే విషయంలో మాత్రం బలహీన ఆమ్లమే. ప్రమాదకరమైనదీ బలమైనదీ ఒకటి కావు. బలమైన క్షారాలంటే సోడియం, పొటాషియం వంటి క్షార లోహాల హైడ్రాక్సైడ్‌లు, వాటితోపాటు కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్‌లు. అమ్మోనియా బలహీన క్షారం, దాన్ని విడగొట్టకూడదు.

సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఒక మెలిక ఉంది. మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది, రెండోది కొంతవరకే. ప్రారంభ స్థాయిలో మామూలుగా రెండు హైడ్రోజన్ అయాన్లు, ఒక సల్ఫేట్ అయాన్ అని రాయిస్తారు. మీ పుస్తకం ఎలా రాసిందో అలాగే రాయండి, పరీక్ష హాల్లో దాని మీద పోట్లాట వద్దు.

ఇప్పుడు మన ఉదాహరణ:

లెడ్²⁺ + 2 నైట్రేట్⁻ + 2 పొటాషియం⁺ + 2 అయొడైడ్⁻ → లెడ్ అయొడైడ్ (ఘ) + 2 పొటాషియం⁺ + 2 నైట్రేట్⁻

దీన్ని పూర్తి అయానిక సమీకరణం అంటారు. ఇక్కడ రెండు చోట్ల చెయ్యి జారుతుంది. ఒకటి, లెడ్ నైట్రేట్ ఫార్ములాలో కింద ఉన్న 2 విడగొట్టాక ముందుకు వచ్చి గుణకం అవుతుంది. క్లోరైడ్‌ల విషయంలో ఇది మరీ ప్రమాదం. బేరియం క్లోరైడ్‌ను విడగొట్టి, ఆ 2ను కిందే ఉంచేసి, పైన ఋణావేశం పెడతారు. అలా రాస్తే రెండు క్లోరిన్‌లు అతుక్కుని తిరుగుతున్నాయని అర్థం. నీళ్ళలో ఉన్నవి రెండు వేర్వేరు క్లోరైడ్‌లు. రెండోది, నైట్రేట్, సల్ఫేట్, కార్బొనేట్, అమ్మోనియం లాంటివి గుంపుగా ఒకే అయాన్. సల్ఫేట్‌ను సల్ఫర్‌గా, ఆక్సిజన్‌గా పగలగొట్టకండి. అలాగే బైకార్బొనేట్‌ను హైడ్రోజన్, కార్బొనేట్ అని రెండు ముక్కలు చేయకండి, అది కలిసే ఉంటుంది.

మూడో మెట్టు: కొట్టేయడం

రెండు వైపులా ఒకే అయాన్, అదే ఆవేశంతో, అదే స్థితిలో ఉంటే కొట్టేయండి. పైన పొటాషియం, నైట్రేట్ పోతాయి.

లెడ్²⁺ + 2 అయొడైడ్⁻ → లెడ్ అయొడైడ్ (ఘ)

ఎడమ వైపు మూడు, కుడి వైపు ఒకటి ఉంటే ఒకటే పోతుంది, ఎడమ వైపు రెండు మిగులుతాయి. ఐరన్²⁺, ఐరన్³⁺ ఒకటి కావు, కొట్టేయకూడదు. లోహపు ముక్కగా ఉన్న కాపర్, ద్రావణంలో ఉన్న కాపర్²⁺ కూడా ఒకటి కావు.

కొట్టేసినవాటిని ప్రేక్షక అయాన్లు అంటారు. ఆ పేరు విని అవి పనికిరానివి అనుకోవద్దు. లెడ్ అయాన్లను మాత్రమే నింపిన సీసా ఏ దుకాణంలోనూ దొరకదు, తోడు నైట్రేట్ ఉండాల్సిందే. లెడ్‌ను కరిగించి తెచ్చేది నైట్రేటే. తెచ్చాక దానికి మాత్రం ఏమీ కాలేదు, ద్రావణంలో అలాగే తిరుగుతోంది. ఆ పచ్చటి ముద్దను వడగట్టి, కిందికి దిగిన నీళ్ళను ఆవిరి చేస్తే పొటాషియం నైట్రేట్ తెల్లటి స్ఫటికాలుగా మిగులుతుంది.

నాలుగో మెట్టు: రెండు తనిఖీలు

పరమాణువులు రెండు వైపులా సరిపోయాయా? ఆవేశం మొత్తం రెండు వైపులా సరిపోయిందా? రెండో తనిఖీ చేసేవాళ్ళు తక్కువ. ఈ సమీకరణం చూడండి:

కాపర్ (ఘ) + సిల్వర్⁺ → కాపర్²⁺ + సిల్వర్ (ఘ)

పరమాణువులు సరిగ్గా ఉన్నాయి. ఒక కాపర్ ఇటూ అటూ, ఒక సిల్వర్ ఇటూ అటూ. చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. ఆవేశం చూడండి: ఎడమ వైపు 1+, కుడి వైపు 2+. ఒక కాపర్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలింది, వాటిని తీసుకోవాలంటే సిల్వర్ అయాన్లు రెండు కావాలి.

కాపర్ (ఘ) + 2 సిల్వర్⁺ → కాపర్²⁺ + 2 సిల్వర్ (ఘ)

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో రాగి తీగ వేసి కాసేపు ఆగితే తీగ మీద వెండి పోగులు పెరుగుతాయి, నీళ్ళు నెమ్మదిగా నీలంగా మారతాయి. ఆ నీలం కాపర్²⁺ అయాన్లదే. కాపర్ సల్ఫేట్‌లో జింక్ ముక్క వేస్తే దీనికి ఎదురు, నీలం వెలిసిపోతుంది:

జింక్ (ఘ) + కాపర్²⁺ → జింక్²⁺ + కాపర్ (ఘ)

తనిఖీ అయ్యాక గుణకాలన్నీ ఒకే అంకెతో భాగించగలిగితే భాగించండి. 2, 2, 2 వస్తే 1, 1, 1 చేయాలి.

ఆమ్లం, క్షారం: ఎన్ని సీసాలు మార్చినా ఒకే సమీకరణం

హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే సోడియం, క్లోరైడ్ ప్రేక్షకులు. నైట్రిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే పొటాషియం, నైట్రేట్ ప్రేక్షకులు. రెండు చోట్లా మిగిలేది ఇదే:

హైడ్రోజన్⁺ + హైడ్రాక్సైడ్⁻ → నీరు (ద్ర)

ఇది కాగితం మీద గారడీ కాదనడానికి రుజువు థర్మామీటరులో ఉంది. పలుచటి బలమైన ఆమ్లం, బలమైన క్షారం, అవక్షేపం ఏర్పడని ఏ జంట తీసుకున్నా, ఒక మోల్ నీరు ఏర్పడినప్పుడు వెలువడే వేడి ఇంచుమించు 57 కిలోజౌళ్ళే. సీసాలు మారినా వేడి మారడం లేదంటే లోపల జరుగుతున్న పని ఒకటేనని అర్థం.

ఇప్పుడు ఎసిటిక్ ఆమ్లం తీసుకోండి. అది బలహీన ఆమ్లం, ఎక్కువ భాగం అణువులుగానే ఉంటుంది. కాబట్టి:

ఎసిటిక్ ఆమ్లం (జ.ద్రా) + హైడ్రాక్సైడ్⁻ → ఎసిటేట్⁻ + నీరు (ద్ర)

ఎడమ వైపు ఎసిటిక్ ఆమ్లం విడిపోలేదు. కుడి వైపు మాత్రం ఎసిటేట్ విడిగా ఉంది, ఎందుకంటే సోడియం ఎసిటేట్ కరిగే లవణం. ఇక్కడ చాలామందికి టెన్షన్ వస్తుంది, "ఎసిటేట్ ఒక వైపు ఇలా, ఇంకో వైపు అలా ఎలా ఉంటుంది సార్" అని. అందుకే కదా అది ప్రేక్షక అయాన్ కాలేదు. దానికి మార్పు జరిగింది.

అమ్మోనియాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే నీరు కూడా రాదు:

అమ్మోనియా (జ.ద్రా) + హైడ్రోజన్⁺ → అమ్మోనియం⁺

బుసబుస పొంగేవి

కార్బొనేట్ లేదా బైకార్బొనేట్‌కు ఆమ్లం తగిలితే జంటలు మారి కార్బోనిక్ ఆమ్లం రావాలి. అది నిలవదు, నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఉత్పన్నంగా కార్బోనిక్ ఆమ్లం అని రాయకుండా నేరుగా ఆ రెండూ రాయండి. సల్ఫ్యూరస్ ఆమ్లం వచ్చే చోట నీరు, సల్ఫర్ డయాక్సైడ్. అమ్మోనియం హైడ్రాక్సైడ్ వచ్చే చోట నీరు, అమ్మోనియా.

నీళ్ళలో కరిగించిన వంటసోడాకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే:

బైకార్బొనేట్⁻ + హైడ్రోజన్⁺ → నీరు (ద్ర) + కార్బన్ డయాక్సైడ్ (వా)

అదే సోడాకు వెనిగర్ తగిలితే:

బైకార్బొనేట్⁻ + ఎసిటిక్ ఆమ్లం (జ.ద్రా) → ఎసిటేట్⁻ + నీరు (ద్ర) + కార్బన్ డయాక్సైడ్ (వా)

చూడ్డానికి రెండూ ఒకేలా పొంగుతాయి, సమీకరణాలు మాత్రం వేరు. సోడాను కరిగించకుండా పొడిగానే వేస్తే ఎడమ వైపు సోడియం బైకార్బొనేట్ (ఘ) అని ఉంచాలి. అప్పుడు కుడి వైపు సోడియం⁺ మిగిలిపోతుంది, ఎడమ వైపు దానికి జోడీ లేదు కాబట్టి కొట్టేయలేం.

మన ఇళ్ళలో పరిచే తాండూరు బండలు సున్నపురాయి జాతివి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ వాటి మీద ఒలికితే నురగ వచ్చి మచ్చ పడుతుంది. ఆ యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే:

కాల్షియం కార్బొనేట్ (ఘ) + 2 హైడ్రోజన్⁺ → కాల్షియం²⁺ + నీరు (ద్ర) + కార్బన్ డయాక్సైడ్ (వా)

బండ ఘనపదార్థం, అందుకే విడగొట్టలేదు. క్లోరైడ్ ప్రేక్షకుడు.

ఏది విడగొట్టాలి, ఏది వదిలేయాలి అనే ఈ ఒక్క మెట్టు ఎంత ముఖ్యమో బేరియం దగ్గర తెలుస్తుంది. నీటిలో కరిగిన బేరియం అయాన్ విషం. అయినా ఆసుపత్రుల్లో కడుపు, పేగుల ఎక్స్‌రే తీసే ముందు బేరియం సల్ఫేట్ కలిపిన తెల్లటి ద్రవం తాగిస్తారు. ఎక్స్‌రేలో పేగుల ఆకారం స్పష్టంగా కనబడాలని. బేరియం సల్ఫేట్ లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా దాన్ని పెద్దగా కదిలించలేదు, లోపలికి వెళ్ళినట్టే బయటికి వచ్చేస్తుంది. బేరియం కార్బొనేట్ కూడా తెల్లటి పొడే, అది కూడా నీటిలో కరగదు. దాన్ని మాత్రం ఎలుకల మందుగా వాడేవారు. కారణం ఈ సమీకరణంలో ఉంది:

బేరియం కార్బొనేట్ (ఘ) + 2 హైడ్రోజన్⁺ → బేరియం²⁺ + నీరు (ద్ర) + కార్బన్ డయాక్సైడ్ (వా)

కుడి వైపు బేరియం²⁺ విడిగా ఉంది చూశారా, చంపేది అదే. సల్ఫేట్‌తో ఇలాంటి సమీకరణం రాయడానికి లేదు.

రెండు విచిత్రమైన సందర్భాలు

సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్ ద్రావణాలు కలపండి. ఎలా జంటలు మార్చినా అన్నీ కరిగేవే. విడగొడితే అన్నీ కొట్టుకుపోతాయి. నాకు స్లిప్ టెస్టులో వచ్చిన ఖాళీ బాణం ఇక్కడైతే సరైన జవాబే. "చర్య జరగదు" అని రాయండి, ఉత్పన్నాలు కల్పించకండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం బేరియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం:

బేరియం²⁺ + 2 హైడ్రాక్సైడ్⁻ + 2 హైడ్రోజన్⁺ + సల్ఫేట్²⁻ → బేరియం సల్ఫేట్ (ఘ) + 2 నీరు (ద్ర)

కొట్టేయడానికి ఒక్కటీ లేదు. పూర్తి సమీకరణమే నికర సమీకరణం. ఎలక్ట్రోడ్‌లు, బల్బు పెట్టిన బేరియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోకి ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదిలితే బల్బు వెలుగు తగ్గుతూ వచ్చి ఒక దశలో దాదాపు ఆరిపోతుంది. కరెంటు మోయడానికి అయాన్లు మిగల్లేదు మరి. ఇంకా పోస్తే మళ్ళీ వెలుగుతుంది, ఈసారి అదనంగా పడిన ఆమ్లం వల్ల.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో లవణ విశ్లేషణ చేసేవాళ్ళకు ఇంకొకటి. క్లోరైడ్‌కు సిల్వర్ నైట్రేట్ పోసి తెల్లటి అవక్షేపం చూశాక, అమ్మోనియా ద్రావణం పోసి అది కరిగిపోవడం చూపిస్తారు. మొదటి దానికి సమీకరణం అందరూ రాస్తారు. రెండోది ఇది:

సిల్వర్ క్లోరైడ్ (ఘ) + 2 అమ్మోనియా (జ.ద్రా) → డైఅమ్మైన్‌సిల్వర్⁺ + క్లోరైడ్⁻

డైఅమ్మైన్‌సిల్వర్ అంటే రెండు అమ్మోనియా అణువులు అంటుకున్న సిల్వర్ అయాన్. ఎడమ వైపు క్లోరైడ్ ఘనపదార్థంలో బందీగా ఉంది, కుడి వైపు విడుదలైంది. ఎప్పుడూ ప్రేక్షకుడిగా కూర్చునే క్లోరైడ్ ఇక్కడ సమీకరణంలో నిలబడింది. అయాన్ పేరు చూసి "ఇది ప్రేక్షకుడే" అని ముందే తీర్మానించకండి, ప్రతిసారీ విడగొట్టి చూడండి.

మీరు చేసి చూడండి

జవాబు చదివే ముందు కాగితం మీద రాయండి.

సోడియం సల్ఫేట్, బేరియం క్లోరైడ్ ద్రావణాలు కలిపారు. జవాబు: బేరియం²⁺ + సల్ఫేట్²⁻ → బేరియం సల్ఫేట్ (ఘ). ఇది తేలికే.

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింక్ ముక్క వేశారు. జవాబు: జింక్ (ఘ) + 2 హైడ్రోజన్⁺ → జింక్²⁺ + హైడ్రోజన్ (వా). ఆవేశం రెండు వైపులా 2+.

సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్ ఊదారు, పాలలా తెల్లబడింది. జవాబు: కాల్షియం²⁺ + 2 హైడ్రాక్సైడ్⁻ + కార్బన్ డయాక్సైడ్ (వా) → కాల్షియం కార్బొనేట్ (ఘ) + నీరు (ద్ర). హైడ్రాక్సైడ్ ముందు 2 మర్చిపోతే ఆవేశం కుదరదు.

బోరు నీళ్ళు కాచిన గిన్నెలో, గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కడుతుంది. నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు ఉన్నాయి. జవాబు: కాల్షియం²⁺ + 2 బైకార్బొనేట్⁻ → కాల్షియం కార్బొనేట్ (ఘ) + నీరు (ద్ర) + కార్బన్ డయాక్సైడ్ (వా). ఇప్పుడు ఆ పొరను వెనిగర్‌తో వదలగొట్టే సమీకరణం కూడా రాయండి. అక్కడ ఎసిటిక్ ఆమ్లాన్ని విడగొట్టి హైడ్రోజన్⁺ అని రాశారంటే రెండో మెట్టు ఇంకోసారి చదవాలి.

చివరిది కొంచెం కష్టం. వానాకాలంలో బురద నీళ్ళు తేరడానికి బిందెలో పటిక తిప్పుతారు. మనింట్లో దొరికే మామూలు పటికలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ ఉంటాయి. నీళ్ళలో సహజంగానే బైకార్బొనేట్ ఉంటుంది. జిగురులా తేలే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడి మట్టి రేణువులను పట్టుకుని అడుక్కి దిగుతుంది. జవాబు:

అల్యూమినియం³⁺ + 3 బైకార్బొనేట్⁻ → అల్యూమినియం హైడ్రాక్సైడ్ (ఘ) + 3 కార్బన్ డయాక్సైడ్

ఎడమ వైపు 3+, మూడు 1−లు, మొత్తం సున్నా. కుడి వైపు సున్నా. పొటాషియం, సల్ఫేట్ ఆ బిందెలో పైన తేరిన నీళ్ళలోనే ఉండిపోతాయి.